కండెలు చుట్టడం పని కాదా?

మొన్న మా ఆడపడుచు వస్తే నేను నేసిన గుడ్డ తెచ్చి చూపించాను. జానెడు వెడల్పు, మూరెడు పొడవు. అంచులు ఒకచోట లోపలికి, ఒకచోట బయటికి. ఈ మాత్రం నేయడానికి నాకు రెండున్నర నెలలు పట్టింది. తను అటూ ఇటూ తిప్పి చూసి, "బాగానే ఉంది గానీ వదినా, ఇలాంటిది బజార్లో యాభై రూపాయలకి దొరుకుతుందిగా! ఇంట్లో ఖాళీగా ఉంటావు కాబట్టి సరిపోయింది" అంది.

ఆ 'ఖాళీ' అన్న మాట ముల్లులా గుచ్చుకుంది. అయినా తనని అని ఏం లాభం? నిన్నమొన్నటిదాకా నేనూ అలా మాట్లాడినదాన్నే.

నాకీ సరదా పుట్టింది మా వీధి చివర ఉండే మామ్మగారి వల్ల. ఆవిడది శ్రీకాకుళం జిల్లా పొందూరు దగ్గర పల్లె. చిన్నతనంలోనే రాట్నం పట్టారు. పొందూరు సన్న ఖద్దరు పేరు మనందరం విన్నదే. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. గింజ తీసి, ఏకి, ఏకులు చేసి, రాట్నం మీద వడికేదాకా అంతా ఆడవాళ్ల చేతుల మీదే నడుస్తుంది. నూరో నంబరు నూలు కూడా తీస్తారు. అంటే ఒక పౌను నూలులో, మన లెక్కలో 453 గ్రాముల్లో, 84,000 గజాల దారం ఉంటుందన్నమాట!

వడ్రంగి చేత చిన్న చట్రం చేయించి, పైనా కిందా మేకులు కొట్టించాను. చేతి నూలు తెచ్చి పడుగు బిగించాను. గంటలో నాలుగు పోగులు తెగాయి. "చేతి నూలు తల్లీ! ఒకచోట లావు, ఒకచోట సన్నం. మెలి చాలని చోట తెగుతాది. గంజి పెట్టకుండా లాగితే ఊరుకుంటాదా?" అని మామ్మగారు నవ్వారు. గంజి పట్టించి ఆరబెడితే అప్పటికి పడుగు నిలిచింది. ఇక వెదురుబద్దకి పేక నూలు చుట్టి, ఒక పోగు పైనుంచి, ఒక పోగు కిందినుంచి దూర్చి, పాత చెక్క దువ్వెనతో కిందికి నొక్కడం. పేక గట్టిగా లాగితే గుడ్డ నడుం సన్నబడుతుంది. వదులైతే అంచు వేలాడుతుంది. నేసినదానికంటే విప్పిందే ఎక్కువ!

ఒక సాయంత్రం, "పెళ్లయ్యాక మీరూ మగ్గం మీద కూర్చునేవారా మామ్మగారూ?" అని అడిగాను.

"లేదమ్మా, మగ్గం మా ఆయనది. నేను ఒట్టి సాయం."

ఏమిటా సాయం? చిలపలు విప్పి తోడడం, పడుగు సిద్ధం చేయడం, గంజి కాయడం, తెగిన పోగులు అతకడం, కండెలు చుట్టడం. అదీ వంటా పిల్లలూ అయ్యాక, రాత్రి దీపం దగ్గర. కండె లేకపోతే నాడె ఆగుతుంది. నాడె ఆగితే మగ్గం ఆగుతుంది. కూలి మాత్రం నేసిన గుడ్డ కొలిచే ఇస్తారు గానీ, చుట్టిన కండెలు లెక్కపెట్టి ఇవ్వరు.

2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షల మందికి పైగా చేనేత పనివారున్నారు. వారిలో నూటికి డెబ్బై మందికి పైగా ఆడవాళ్లే. ఇందులో ఈశాన్య రాష్ట్రాల నేతగత్తెల వాటా పెద్దదే అనుకోండి. మన వైపు 'నేతగాడు' అనగానే మగ్గం మీద కూర్చున్న మగమనిషే కళ్లముందు మెదులుతాడు. పక్కన కండె చుట్టే ఇల్లాలు కనబడదు.

1935లో గాంధీజీ నూలు వడికేవారికి బతకడానికి సరిపడా కూలి ఇవ్వాలని చరఖా సంఘంలో పట్టుబట్టారు. ఖద్దరు ధర పెరిగితే కొనేవారుండరని అభ్యంతరాలు వచ్చినా వెనక్కి తగ్గలేదు. చవగ్గా కావాలంటే ఆ భారం ఎవరి చేతుల మీద పడుతుందో ఆయనకి తెలుసు.

"మీది సరదా, వాళ్లది పొట్టకూటి పని. రెండిటికీ పోలికేమిటి?" అని మీరు అడగవచ్చు. నిజమే. పోగు తెగితే నేను విసుక్కుని చట్రం పక్కన పెట్టేసి, టీ పెట్టుకుంటాను. వాళ్లకి ఆ పూట కూలి తెగుతుంది. నాలుగు గుడ్డలు నేసినంత మాత్రాన నేను నేతగత్తెని అయిపోను. కానీ ఆ నాలుగు తెగిన పోగులే నాకు కళ్లు తెరిపించాయి. ఇదివరకు చేనేత చీర చేతిలో పట్టుకుని, "ఇంకో రెండొందలు తగ్గించండి" అని గంటసేపు బేరమాడేదాన్ని. ఇప్పుడు నోరు రావడం లేదు.

ఇంకొకటి కూడా అర్థమైంది. మామ్మగారి 'ఒట్టి సాయం', మా ఆడపడుచు అన్న 'ఖాళీ' ఒక్క నూలులో పోగులే. పొద్దున్న అయిదింటికి లేచి రాత్రి పదింటికి నడుం వాల్చే మనం కూడా, ఎవరైనా "ఏం చేస్తుంటారు?" అని అడిగితే "ఏం లేదండీ, ఇంట్లోనే" అంటాం. మన పనికి మనమే పేరు పెట్టకపోతే పక్కవాళ్లు ఎందుకు పెడతారు?

అందుకే నా మాట ఒక్కటే. మీకు నచ్చిన పని ఏదైనా నేర్చుకోండి. "దాని వల్ల ఎంతొస్తుంది?" అని అడిగేవారికి జవాబు చెప్పాల్సిన పని లేదు. కానీ అదే పని చేసి పొట్ట పోసుకునే ఆడవాళ్ల చేతికి ఎంత ముడుతుందో మాత్రం తప్పకుండా అడగండి. 'సాయం' అనకండి, పని అనండి. ఏమంటారు?