పక్షవాతం ముప్పు: అంకె తెలిస్తే చాలదు!

ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం ఇంటికొచ్చి బీపీ, షుగరు చూస్తామంటే ‘మాకేం జబ్బు లేదు’ అని పంపేస్తున్నారా? 30 ఏళ్లు దాటినవారికి ఈ పరీక్షలు చేసేది జబ్బు రాకముందే ముప్పును పసిగట్టడానికే.

ముప్పును లెక్కగట్టే చార్టులను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సవరించింది. దక్షిణాసియా వారికి విడిగా చార్టు ఉంది. 40 నుంచి 74 ఏళ్ల వారి వయసు, పొగతాగే అలవాటు, పై బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ వంటివి చూసి, వచ్చే పదేళ్లలో గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చే అవకాశమెంతో ఇది చెబుతుంది. రక్తపరీక్షలు లేకపోతే ఎత్తు, బరువులతో లెక్కించే చార్టూ ఉంది.

మీకు 20 శాతం వచ్చిందనుకోండి. మీలాంటి వందమందిలో ఇరవై మందికి రావొచ్చని అర్థం. ఆ ఇరవైలో మీరున్నారో లేదో చార్టు చెప్పలేదు. గుట్కా, ఖైనీ అలవాటునూ, తల్లిదండ్రులకు వచ్చిన జబ్బులనూ అది లెక్కలోకి తీసుకోదు. కాబట్టి అంకె తక్కువొచ్చిందని ధీమా వద్దు.

అంకె తెలిస్తే బీపీ తగ్గుతుందా? పశ్చిమ గోదావరి జిల్లాలో 54 గ్రామాల్లో ఆశా కార్యకర్తలు ట్యాబ్‌లతో ఈ లెక్క వేసి, ముప్పు ఎక్కువున్నవారిని డాక్టరు దగ్గరికి పంపారు. 2019లో ఫలితాలు వచ్చాయి. అదుపులోకి రావాల్సిన స్థాయికి బీపీ తగ్గినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ముప్పును కనిపెట్టడం ఒక ఎత్తు, ఏళ్ల తరబడి మాత్ర మానకుండా వాడించడం మరో ఎత్తు.

మన అనంతపురంలో ఈ రెండోదే కష్టం. వానలు మొహం చాటేస్తే, వేరుశనగ పోతే జనం బెంగళూరు బాట పడతారు. మాత్రలు ఊళ్లోనే ఆగిపోతాయి. తలనొప్పి లేదు కాబట్టి బీపీ కూడా లేదనుకుంటారు. పక్షవాతానికి అతి పెద్ద కారణం ఆ అదుపు తప్పిన బీపీయే.

వలస వెళ్లేవారు మందుచీటీ, కనీసం నెలకు సరిపడా మాత్రలు వెంట తీసుకెళ్లండి. అవి అయిపోకముందే అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో చీటీ చూపించండి. బీపీ 140/90 లోపు ఉందో లేదో చూపించుకుంటూ ఉండండి. పచ్చళ్లతో కలిపి ఉప్పు రోజుకు ఒక టీస్పూను మించనీయకండి. బీడీ, సిగరెట్ మానేయండి.

మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పసరు మందు కోసం తిరగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ పనిచేసేది మొదటి నాలుగున్నర గంటల్లోనే. అందులోనూ ఎంత త్వరగా ఇస్తే అంత మేలు.