గూడబాతుల పుట్టిల్లు

సంక్రాంతి సెలవులలో మావారును, నేనును, పిల్లలును, మా మేనల్లుడును సూళ్లూరుపేట ప్రాంతమునకు పోయి పక్షులను చూచి వచ్చితిమి. ఆ యాత్రలో నేను చేసిన పొరపాటొకటి మీకు చెప్పుకొనవలసి యున్నది.

మొదట పులికాటు సరస్సును చూచితిమి. సముద్రజలమును ఏటినీరును కలిసిన సరస్సులలో మన దేశమున చిల్కా తరువాత ఇదియే పెద్దది. శ్రీహరికోట ద్వీపము దీనిని బంగాళాఖాతమునుండి వేరుచేయుచున్నది. ఆ ద్వీపమునకు పోవు బాట సరస్సు నడుమనే సాగును. బాట కిరుప్రక్కల లోతులేని నీటిలో, రాజహంసలని జనులు పిలుచు ఫ్లెమింగోలు ముక్కులను తలక్రిందులుగా ముంచి మేయుచుండెను. వాని గులాబివన్నె పుట్టుకతో వచ్చినది కాదట. తిను నాచువలనను, రొయ్యలను బోలిన చిన్ని ప్రాణులవలనను కలుగునట.

అచ్చటినుండి, సుమారు 20 కిలోమీటర్ల దూరముననున్న నేలపట్టునకు పోతిమి. 1976వ సంవత్సరమునుండి అది పక్షులకు రక్షితస్థలము. చెరువునీటిలో నిలిచిన నీటికడప చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టుకొనును. వీనిని దూరదేశపు పక్షులని పలువురందురు గాని, ఇవి మన దక్షిణదేశముననే పిల్లలను పెంచునవి. తల్లియు తండ్రియు వంతులు వేసికొని సుమారు 30 దినములు గ్రుడ్లను పొదుగును. పులికాటునకు ఎగిరిపోయి చేపలు తెచ్చును. పిల్ల తన తలను పెద్దపక్షి ముక్కుక్రింది సంచిలో దూర్చి తినును.

ఇంత వింత చూచియు నాకు తృప్తి లేకపోయెను. "అన్నియు నొక్కసారిగా ఎగిరిన నెంత బాగుండును! చప్పట్లు కొట్టుడు" అని పిల్లలతో నంటిని. వారు చప్పట్లు కొట్టి కేకలు వేసిరి. దగ్గరి చెట్టుపైనున్న పక్షులు లేచిపోయెను. దుర్భిణితో చూచుచున్న మేనల్లుడు, "అత్తా, గూటిలోని పిల్లకు ఈకలే లేవు. ఎండలో నోరు తెరచుకొని యున్నది" అనెను. కట్టమీద పోవుచున్న ముసలమ్మ యొకతె నిలిచి, "పురిటింటి ముందర కేకలేందమ్మా?" అని యడిగి తన దారిన పోయెను.

తల సిగ్గుతో వంగినది. తల్లి రెక్క నీడ లేనిదే ఆ పసికూన ఎండకు తాళలేదు. తల్లి లేచిన క్షణమే కాకికి అదను. ఆ పక్షి మరలివచ్చి గూటిపై నిలుచువరకు నా ప్రాణము కుదుటపడలేదు. బాల్యమున తాతగారివద్ద శృంగారనైషధము చదివినపుడు, నలునిచేత చిక్కిన హంస ముసలితల్లిని, పసిబిడ్డలను తలచి యేడ్చినందుకు నేనును కంటతడి పెట్టితిని. నలుడు దానిని విడిచిపెట్టెను. చదివిన నేనో, కనులయెదుటి తల్లిని గూటినుండి లేపితిని!

ఆ యూరివారు పక్షులను వెళ్లగొట్టరు. రెట్టలు కలిసిన చెరువునీరు వారి పొలములకు ఎరువగుచున్నది. పురుడుపోసికొన వచ్చిన ఆడుబిడ్డలవలె వానిని చూచుకొందురు.

కార్తికమునుండి ఫాల్గుణమువరకు గూళ్లు నిండియుండును. మీరును తప్పక పోయి చూడుడు. పిల్లలచేత దుర్భిణి నుంచుడు, బాట విడువవలదు, గొంతు తగ్గించి మాటలాడుడు. బాలింత నిద్రించు గది ముందర మనమెట్లు నడతుమో, అచ్చటను అట్లే నడచిన చాలును.