వస్తున్నదట!

మన భాషలో 'ట' అని ఒక చిన్న మాట ఉన్నది. చెప్పేవాడు తాను కన్నులార చూడలేదనీ, ఒకరు చెప్పగా విన్నాడనీ ఆ ఒక్క అక్షరం తెలియజేస్తుంది. 'వాన కురిసినది' అన్నవాడు తడిసి వచ్చినవాడు. 'వాన కురిసినదట' అన్నవాడు ఇంటిపట్టున ఉన్నవాడు. దీనిని తరగతిలో వ్యాకరణ విషయంగా చెప్పి మరునాడు మరచిపోవడం మనకు అలవాటు. కాని ఒక చిన్న ఊరికి పెద్ద కర్మాగారం వస్తున్నదనే వదంతి పుట్టినప్పుడు, ఆ 'ట' నిలిచి ఉంటే ఎన్ని సంసారాలు నిలుస్తవో, అది జారిపోతే ఎన్ని చితికిపోతవో ఈ మధ్యనే నాకు తెలిసివచ్చినది.

నేను పాఠం చెప్పే కళాశాల రాయలసీమలో ఒక చిన్న పట్టణంలో ఉన్నది. కొన్ని నెలల క్రితం మా బస్టాండు దగ్గరి టీ అంగడిలో ఒక మాట బయలుదేరినది. మొదటి వారం 'ఏదో పెద్ద కంపెనీ వస్తున్నదట' అన్నారు. రెండవ వారానికి 'ట' పోయి 'వస్తున్నది' అయినది. నెల తిరిగేసరికి 'వచ్చినట్లే' అయినది. ఉద్యోగాల సంఖ్య వేలలో మొదలై పదివేలు దాటినది. ఆ కంపెనీ పేరేమిటో, అది తయారు చేసేదేమిటో మాత్రం ఒకరు చెప్పినట్లు మరొకరు చెప్పలేదు. ఇంతలో ఊరి వెలుపల శనగచేలలో తెల్లసున్నం పూసిన ప్లాట్ల రాళ్ళు లేచినవి.

ఒకనాటి సాయంకాలం బి.ఏ. రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు నా గదికి వచ్చి తల వంచుకొని నిలబడినాడు.

"సార్, కాలేజీ మానేస్తాను. మా నాయన రెండెకరాలు అమ్ముతున్నాడు. ఆ డబ్బుతో లారీ కొంటాము. కంపెనీ వస్తే లారీకి పని తప్పదు కదా, సార్."

"వస్తున్నదని ఎవరు చెప్పినారు?"

"అందరూ అంటున్నారు, సార్."

నేను వెంటనే బదులు చెప్పలేకపోయినాను. 'రాదు, పో' అనడానికి నాకేమి అధికారమున్నది? 'వస్తుంది, వెళ్ళు' అనడానికి మాత్రం ఏమి ఆధారమున్నది? మరునాడు రమ్మని పంపించి, ఆ రాత్రి మా సీమలోనే జరిగిన రెండు కథలను నెమరు వేసుకొన్నాను.

మొదటిది జమ్మలమడుగు కథ. 2007లో అక్కడ ఒక ప్రయివేటు ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగినది. పదివేల ఎకరాలకు పైగా భూమి కేటాయించినారు. కర్మాగారం పూర్తి కాలేదు. కేటాయింపు తరువాత రద్దయినది. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టంలో, కడప జిల్లాలో ఉక్కు కర్మాగారం స్థాపించే అవకాశాన్ని స్టీల్ అథారిటీ ఆరు నెలలలో పరిశీలించవలెనని వ్రాసినారు. 2018 డిసెంబరులో మైలవరం మండలం కంబాలదిన్నెలో ఒక శంకుస్థాపన, 2019 డిసెంబరులో సున్నపురాళ్ళపల్లెలో మరొకటి, 2023 ఫిబ్రవరిలో అదే సున్నపురాళ్ళపల్లెలో మరల భూమిపూజ జరిగినవి. ప్రభుత్వాలు మారినవి, సంస్థల పేర్లు మారినవి. 2007లో పుట్టిన బిడ్డ 2023లో పదవ తరగతి పరీక్ష వ్రాసినాడు. అప్పటికి ఆ కర్మాగారం నుండి ఒక్క టన్ను ఉక్కయినా వెలువడలేదు.

రెండవది పెనుకొండ కథ. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఆ ఊరికి సమీపాన, ఎర్రమంచి వద్ద కార్ల కర్మాగారం పెట్టడానికి కొరియా దేశపు కియా సంస్థ 2017 ఏప్రిలులో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొన్నది. 2019లో కార్లు బయటికి వచ్చినవి. ఏటా మూడు లక్షల కార్లు చేయగల కర్మాగారం, వానకు మొగము వాచిన ఆ మెట్టనేలలో నిజంగా నిలిచినది. కాబట్టి చిన్న ఊరికి పెద్ద పరిశ్రమ రాదని నవ్వి త్రోసివేయడం కూడా తప్పే.

అయితే పెనుకొండ కథలో మరొక పాఠమున్నది. కర్మాగారం లాంఛనంగా ప్రారంభమై రెండు నెలలు గడిచినవో లేదో, 2020 ఫిబ్రవరిలో అది తమిళనాడుకు తరలిపోతున్నదని ఒక వార్త పుట్టినది. సంస్థా, ప్రభుత్వమూ దానిని ఖండించినవి, కర్మాగారం కదలలేదు. వచ్చేదాకా 'వస్తున్నదట' అన్న మాట, వచ్చిన తరువాత 'పోతున్నదట' అన్న మాట! ఆ ఊరికి ఇది కొత్త కాదు. 1565లో రాక్షసి తంగడి యుద్ధం ముగిసిన తరువాత తిరుమలరాయలు విజయనగర ధనరాశులతో వచ్చి పెనుకొండను రాజధాని చేసుకొన్నాడు. రాజధానిని మించిన ఉద్యోగదాత ఆ కాలంలో ఏమున్నది? అదే రాజధాని ఆ శతాబ్దం ముగియకముందే చంద్రగిరికి తరలినది. కొండా, కోటా, రైతూ అక్కడనే మిగిలినారు.

నిజమైన వాగ్దానానికి కూడా పట్టే కాలమెంతో చూడండి. 1966లో విశాఖ ఉక్కు కోసం జనం ప్రాణాలొడ్డినారు. 1970లో కేంద్రం ప్రకటించినది, 1971లో శంకుస్థాపన అయినది, 1992లో గాని ఆ కర్మాగారం జాతికి అంకితం కాలేదు. శంకుస్థాపన నాడు లారీ కొన్నవాడు అంకితం నాటికి దానిని ఎన్నడో పాత ఇనుము క్రింద అమ్ముకొని ఉండును.

వదంతి వట్టి మాట అని మనమనుకొంటాము. కాని కర్మాగారం కన్న ముందుగా అది పని మొదలుపెడుతుంది. అవసరంలో ఉన్న రైతు దళారి చెప్పిన ధరకు పొలం వదులుకొంటాడు. నిజంగా భూసేకరణ జరిగిననాడు పరిహారం మరొకరి చేతికి పోతుంది. నెలజీతగాడు అప్పు చేసి ప్లాటు కొంటాడు. కంపెనీ రాని పక్షంలో సున్నపు రాళ్ళూ, వడ్డీయే అతనికి మిగులుతవి. పిల్లవాడు చదువు మానుతాడు. కంపెనీ వచ్చిననాడు 'ఏమి చదివినావు?' అన్న ప్రశ్న మొదట అతనికే ఎదురవుతుంది. వదంతి నిజమైనా, అబద్ధమైనా ముందుగా నష్టపోయేవాడు ముందుగా నమ్మినవాడే.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒకటి ఉన్నది. జారిపోయిన 'ట'ను తిరిగి తెచ్చి నిలబెట్టడం మన పని. సంస్థ పేరేమి? ఒప్పందంపై ఎవరు సంతకం చేసినారు? ఏ సర్వే నంబరు భూమి? నీరెక్కడినుండి? పని మొదలైనదా? ఈ అయిదు ప్రశ్నలు అడగడం పిల్లలకు నేర్పుదాము. సమాధానం దొరికినకొద్దీ నమ్మకం పెంచుకోవచ్చును. దొరకనంతవరకు 'ట'ను వదలరాదు.

ఇది సాంఘికశాస్త్రం వారి పని అని తెలుగు పంతుళ్ళు తప్పించుకొనడానికి వీలులేదు. 2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక ప్రకటనను ప్రాంతీయ భాషా దినపత్రికలో ప్రచురించవలెను. పంచాయతీలోను, తహసీలుదారు కార్యాలయంలోను స్థానిక భాషలో ఉంచవలెను. అది మొదలు 60 రోజులలోగా భూమిగలవాడు కలెక్టరుకు తన అభ్యంతరాన్ని వ్రాసి ఇచ్చుకొనవచ్చును. అంటే ఆ ప్రకటన తెలుగులో వస్తుంది. అభ్యంతరమూ తెలుగులో వ్రాయవచ్చును. పద్యానికి ప్రతిపదార్థం చెప్పగల మన విద్యార్థి తన తండ్రి పొలాన్ని గురించిన ఆ అర్ధపుట ప్రకటనకు తాత్పర్యం చెప్పగలడా? చెప్పలేకపోతే ఆ లోపం అతనిది కాదు, మనది. ఏడాదికొక్కసారి అయినా అటువంటి ప్రకటననో, క్రయ ఒప్పందపు కాగితాన్నో తరగతిలో పాఠంగా చదివించరాదా?

పిల్లల ఆశపై నీళ్ళు చల్లుతున్నానని ఎవరైనా అనవచ్చును. పని కోసం ఇల్లూ వాకిలీ విడిచి బెంగుళూరు బస్సెక్కే మా సీమ యువకుల దుఃఖం నేనెరుగుదును. కర్మాగారం రావలెననే నా కోరిక కూడా. కాని ఏ కర్మాగారం వచ్చినా, రాకపోయినా అక్కరకు వచ్చేవి కొన్ని ఉన్నవి: లెక్క తప్పకుండా చేయడం, పటం చూచి పని అర్థం చేసుకొనడం, చదివినదానిని తప్పు లేకుండా చెప్పడం. వీటిని ఏ ప్రభుత్వమూ రద్దు చేయలేదు, ఏ సంస్థా పొరుగు రాష్ట్రానికి తరలించలేదు.

మరునాడు వచ్చిన ఆ విద్యార్థికి ఈ అయిదు ప్రశ్నలనే కాగితం మీద వ్రాసి ఇచ్చి, వాళ్ళ నాయనకు చదివి వినిపించమన్నాను. పొలం కొనవచ్చిన దళారిని ఆయన వాటిని అడిగినాడట. అతడు ఒక్కదానికీ బదులు చెప్పలేదట. పిల్లవాడు మాత్రం క్రమంగా తరగతికి వస్తున్నాడు. ఇది నేను విన్న మాట కాదు, రోజూ హాజరు వేస్తూ నా కన్నులతో చూస్తున్నది. పొలం ఇంతవరకు అమ్మలేదట.