కాగితం మీద మనోవర్తి

"చట్టం మీ పక్షానే ఉందమ్మా." ఈ మాట ఎన్ని సదస్సుల్లో విన్నానో లెక్కలేదు. వేదికలెక్కి నేనూ చెప్పాను. ఈ మధ్య చెప్పబోతే నోరు రావడం లేదు.

మిరపకోతలకు వెళ్లే ఒక స్త్రీ, ఇద్దరు పిల్లలు. భర్త తాపీ మేస్త్రీ. వేరే ఊళ్లో వేరే కాపురం పెట్టాడు. ముగ్గురికీ కలిపి నెలకు 4,000 రూపాయలు మనోవర్తి ఇమ్మని మేజిస్ట్రేటు ఉత్తర్వు వేసిన రోజున కోర్టు బయట టీ తాగి సంబరపడ్డాం. తర్వాత రెండేళ్లలో ఆమె చేతికొచ్చింది రెండు నెలల డబ్బు.

చట్టం బాగానే ఉంది కదా అంటారు. నిజమే, చాలా సాధించుకున్నాం. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్‌లో నెలకు 500 రూపాయలు దాటకూడదన్న పరిమితి 2001 సవరణతో పోయింది. దరఖాస్తు పెట్టిన నాటి నుంచే మనోవర్తి లెక్కగట్టాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. విడాకులు పొందిన ముస్లిం స్త్రీకీ ఈ హక్కు ఉందని 2024 జూలైలో, తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే తీర్పిచ్చింది. అదే నెల నుంచి కొత్త సంహితలో ఇది 144వ సెక్షన్ అయింది.

కానీ అసలు గొడవంతా ఉత్తర్వు చేతికొచ్చాకే. అతను డబ్బివ్వకపోతే ఆమే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. వారెంటు వస్తుంది. స్టేషన్‌కి వెళ్తే "మనిషి ఊళ్లో లేడు, ఎక్కడున్నాడో మీరే కనుక్కురండి" అంటారు. ఎవరు కనుక్కోవాలి? కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీలకు అప్పు చేసి, ఆమే! వాయిదాకి వచ్చిన ప్రతిసారీ ఒకరోజు కూలి పోతుంది.

ఇంకో మెలిక ఉంది. బాకీ పడ్డ ఏడాదిలోపు అడగకపోతే ఆ నెల డబ్బుకి వారెంటు ఇవ్వరు. "పండక్కి తెచ్చిస్తాడులే, కోర్టుకెక్కితే మనసు విరుగుతుంది" అని పెద్దమనుషులు చెబితే ఈమె ఆగింది. చివరికి దరఖాస్తు వేసేసరికి అయిదు నెలల బాకీకి, అంటే 20,000 రూపాయలకు, వారెంటు అడిగే గడువు దాటిపోయింది. సర్దుకుపొమ్మని చెప్పిన ఆ పెద్దలెవరూ ఆమెకు గుప్పెడు బియ్యం పెట్టలేదు.

"నెల రోజులు జైల్లో కూర్చుంటే బాకీ తీరిపోతుంది" అని అతను ఊళ్లో చెప్పుకు తిరుగుతున్నాడు. అది అబద్ధం. జైలుకెళ్లినా బాకీ బాకీగానే ఉంటుందని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. ఈ సంగతి మన కార్యకర్తల్లోనే ఎంతమందికి తెలుసు?

మనోవర్తి బాకీని జరిమానా వసూలు చేసినట్టే వసూలు చేయాలని చట్టం. జరిమానాకైతే కోర్టు కలెక్టరుకు వారెంటు పంపి, భూమిశిస్తు బకాయిలాగా ఆస్తి మీద రాబట్టవచ్చు. ఇన్నేళ్లలో అలాంటి వారెంటు ఒక్కటీ నా కంటపడలేదు. కరెంటు బిల్లు కట్టకపోతే ఫ్యూజు పీక్కెళ్లడానికి మనిషి దొరుకుతాడు. పిల్లల తిండి ఎగ్గొట్టిన వాణ్ణి వెతకడానికి మాత్రం ప్రభుత్వానికి మనుషులుండరు!

మన సంగతీ ఒప్పుకోవాలి. ఉత్తర్వు రాగానే నివేదికలో "పరిష్కరించిన కేసులు" గడిలో రాసేసుకుంటాం. డబ్బు అందిందా అని అడిగే గడి ఆ ఫారంలో ఉండదు. నిధులిచ్చేవాళ్లూ అడగరు. ఆదాయంతో పని లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత ప్లీడరు దొరకాలని 1987 న్యాయసేవల చట్టం చెబుతోంది. మనమేమో మొదటి దరఖాస్తుకే ప్లీడర్ని అడిగి ఆగిపోతున్నాం. వసూలుకీ అడగాలి.

ప్రభుత్వమే ముందు డబ్బిచ్చి, తర్వాత భర్త దగ్గర రాబట్టుకోవాలని నేనంటాను. స్వీడన్‌లో, జర్మనీలో పిల్లల పోషణకి అలాంటి ఏర్పాటు ఉంది. ఇక్కడ అడిగితే ఖజానా ఖాళీ అంటారు. ఆమె ఇంట్లో డబ్బా ఖాళీ అయి ఎన్నాళ్లయిందో ఎవరూ అడగరు.

అతని పేర ఊళ్లో అరెకరం ఉంది. సర్వే నంబరు ఆమే కనుక్కొచ్చింది. వచ్చే వాయిదాకి కలెక్టరుకు వారెంటు పంపమని రాతపూర్వకంగా అడుగుతున్నాం. కోతలు లేని రోజు కాదు మరి, ఆ రోజు కూలి మేం నలుగురం వేసుకుని ఇస్తున్నాం.