‘బరువులు ఎత్తొద్దు’ అంటే సరిపోతుందా?

నడుము దెబ్బతిని ఆస్పత్రికి పోయిన స్త్రీకి దొరికే సలహా చాలాసార్లు మూడు ముక్కలే: మాత్రలు వేసుకో, కొంచెం నడువు, బరువులు ఎత్తొద్దు. ఈ మూడోది ఆమె బతుకుకు అతకని మాట. నల్లగొండ పట్నాన్ని ఆనుకొని ఉన్న పానగల్‌లో గాని, చుట్టుపక్కల ఊళ్లలో గాని, వంగకుండా, బరువెత్తకుండా రోజు గడిచే కూలీ స్త్రీ ఎవరు? నాట్లు, కలుపు, ఆ తర్వాత నడుముకు సంచి కట్టుకొని పత్తి ఏరడం. ఇంటికొస్తే నీళ్ల బిందెలు, గ్యాస్ బండ, చంకలో బిడ్డ. ఎత్తొద్దన్న డాక్టరు, ఆమెకు బదులు ఎవరు ఎత్తాలో మాత్రం చెప్పడు.

పడుకుంటేనే నడుము బాగవుతుందన్నది పాత నమ్మకం. ఫిన్లాండ్‌లో హెల్సింకీ నగర ఉద్యోగుల మీద జరిగి, 1995లో వెలువడిన అధ్యయనంలో, మంచం పట్టిన వాళ్లకన్నా నొప్పి ఓర్చుకోగలిగినంత మేరకు మామూలు పనులు చేసుకున్నవాళ్లే త్వరగా కోలుకున్నారు. ఆస్ట్రేలియాలో, నడుము నొప్పి నుంచి అప్పుడే కోలుకున్న 701 మందితో జరిగిన పరిశోధన 2024లో వెలువడింది. క్రమంగా నడక పెంచుకున్నవాళ్లలో నొప్పి తిరగబెట్టడానికి సగటున 208 రోజులు పట్టింది. మిగతావాళ్లలో 112 రోజులకే తిరగబెట్టింది. దీర్ఘకాలిక నడుము నొప్పికి వ్యాయామం చేయించాలని, నడుము బెల్టులను మామూలు వైద్యంగా ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. మన దగ్గర మాత్రం బెల్టు కొనిపించడం సులువు, వ్యాయామం నేర్పేవాళ్లే కరువు.

అయితే హెల్సింకీ ఉద్యోగి ‘మామూలు పని’, మన కూలీ స్త్రీ ‘మామూలు పని’ ఒకటి కాదు. పది నిమిషాల నడక నుంచి నేరుగా పొద్దంతా వంగి నాటు వేయడానికి పోతే నడుము మళ్లీ మొదటికొస్తుంది. నడకకూ నాటుకూ మధ్య కొన్ని మెట్లున్నాయి. వాటిని నేర్చుకోవడం, ఎక్కడానికి తగిన వ్యవధి పొందడం ఆమె హక్కు అని నేనంటాను.

ఆ మెట్లు కష్టమైనవేమీ కావు. మొదట రోజుకు రెండు మూడుసార్లు అయిదు, పది నిమిషాల నడక. అది మెల్లగా అరగంటకు చేరి, మరునాడు నొప్పి పెరగకపోతే రెండో మెట్టు: వెల్లకిలా పడుకొని మోకాళ్లు మడిచి నడుము కింది భాగాన్ని పైకెత్తడం, చేతులూ మోకాళ్ల మీద ఉండి ఒక చేయి, దానికి ఎదుటి కాలు చాపడం, మంచం మీంచి చేతి ఆసరా లేకుండా లేచి కూర్చోవడం. మూడో మెట్టు బరువు. గద్దె మీది నుంచి పావు బిందె నీళ్లు, కొన్నాళ్లకు సగం, ఆ తర్వాతే నేల మీది నుంచి. ఒకసారికి ఒకటే పెంచాలి. కొద్దిపాటి నొప్పి వచ్చి మర్నాటికి తగ్గితే భయం లేదు. నొప్పి మోకాలు దాటి కిందికి పాకినా, రోజురోజుకూ పెరిగినా ఒక మెట్టు దిగాలి. దీనికి వారాలు కాదు, నెలలు పట్టవచ్చు.

ఏ వ్యాయామానికైనా ముందు పరీక్ష తప్పనిసరి. తొడల మధ్య తిమ్మిరి, మల మూత్రాలు పట్టు తప్పడం, కాలు బలం తగ్గడం, జ్వరంతో కూడిన నడుము నొప్పి కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. నల్లగొండ జిల్లాలో మరో సంగతి మరువరాదు. ఉదయసముద్రానికి కృష్ణా నీళ్లు వచ్చినా, ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన తరం ఎముకల్లో చేరిన విషం అంత తేలిగ్గా పోదు. వాళ్ల వెన్ను బిగుసుకుపోయి ఉండవచ్చు. చిన్న వయసులోనే గర్భసంచితో పాటు అండాశయాలూ తీయించుకున్న స్త్రీలకు ఎముకలు త్వరగా గుల్లబారతాయి. వీళ్లకు అందరికీ చెప్పే వ్యాయామమే చెప్పకూడదు.

అసలు అడ్డంకి ఒంట్లో లేదు, కూలీ పద్ధతిలో ఉంది. నాట్లు ఎకరానికింతని గుత్తకు పట్టే చోట జట్టు వేగాన్ని అందుకోలేని మనిషికి చోటుండదు. పత్తి కిలోకింతని ఏరితే నెమ్మదిగా ఏరినవాళ్లకు పస్తే. కాబట్టి ఆమె ముందు రెండే దారులు: పూర్తి పని, లేకుంటే ఖాళీ. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పనిచోట ప్రమాదం జరిగితే ఉచిత వైద్యానికీ, ఆస్పత్రిలో చేరితే కనీసం సగం కూలీకీ హక్కు కల్పించింది. అది విలువైనదే. కాని ఇరవై ఏళ్లు వంగి వంగి దెబ్బతిన్న నడుముకు ప్రమాదం జరిగిన తేదీ ఏదని రాయాలి?

ఇంట్లోనూ ఇదే వరస. మగవాడి నడుము పడితే ఇల్లంతా అతని చుట్టూ తిరుగుతుంది. ఆడమనిషికి నడుము నొప్పి ‘ఉండేదే’. ఆమె కోలుకునేదాకా బిందె మరొకరు మోయాలన్నది దయ కాదు, న్యాయం.

సంఘాలు చేయగలిగింది చాలా ఉంది. నల్లగొండలో ప్రభుత్వ వైద్య కళాశాల 2019లో వచ్చింది. అక్కడి నుంచి ఫిజియోథెరపిస్టు నెలకు ఇన్ని రోజులని ఊళ్లకు రావాలని అడుగుదాం. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితమైంది గాని, ఆస్పత్రికి పోయిన రోజు కూలీ ఎవరూ ఇవ్వరు కదా! నడుము దెబ్బతిన్నవాళ్లకు పనిచోట కొన్ని నెలలు తేలిక పని, కూలీ తగ్గకుండా ఇవ్వాలని అడుగుదాం. నాటు జట్లలోని స్త్రీలతోనే మాట్లాడి, కోలుకుంటున్న మనిషికి సగం పూట పని, గట్టు మీది పని ఇచ్చేలా ఒప్పందాలు చేసుకుందాం. సంఘం మీటింగులో అప్పుల లెక్కలు చూసే గంటలోంచి పావుగంట తీసి ఈ వ్యాయామాలు కలిసి చేద్దాం. ఆడవాళ్ల నడుము అరిగేదాకా వాడుకొని పక్కకు నెట్టే వస్తువు కాదని ఊరి ముందు చెప్పడానికి అది మొదటి మెట్టవుతుంది.