డేటా పోకుంటే నష్టం లేనట్టేనా?

సాఫ్ట్‌వేర్ల లొసుగు బయటపడ్డదంటే మనోళ్లు అడిగే మొదటి మాట ఒక్కటే: "డేటా పోయిందా?" పోలేదంటే ఇగ అందరు నిమ్మలం. నాకైతే ఆ నిమ్మలమే నచ్చదు.

2023 అక్టోబర్ 4 నాటి ముచ్చట జూడుండ్రి. ఆఫీసుల్ల, కాల్ సెంటర్లల్ల ఫోన్లను నడిపే సాఫ్ట్‌వేర్ అమ్మే అమెరికా కంపెనీ సిస్కో, ఒక్కనాడే రెండు పెద్ద హెచ్చరికలు ఇచ్చింది. మొదటిది, తయారుజేసేటప్పుడు వాడిన రూట్ పాస్‌వర్డ్‌ను ఎమర్జెన్సీ రెస్పాండర్ల అట్లనే ఇడిసిపెట్టుడు. ప్రమాదం పదికి 9.8. గని అది ఒక్క వెర్షన్‌ల ఉన్న కత. రెండోది సీవీఈ-2023-20259. దీనికి 8.6. మార్కులు తక్కువే గని, కాల్స్ నడిపే యూనిఫైడ్ కమ్యూనికేషన్స్ మేనేజర్, వాయిస్ మెయిల్ జూసే యూనిటీ కనెక్షన్, అదే ఎమర్జెన్సీ రెస్పాండర్, ఇట్ల ఎన్నింటికో తగిలింది.

అసలు అయ్యేదేంది? ఫోన్ సర్వర్‌కు వేరే ప్రోగ్రాములు అర్జీ పెట్టుకునే కిటికీలుంటయి, ఏపీఐ అంటరు. అండ్ల ఒక కిటికీ కాడ "నువ్వెవరు?" అని సరింగ అడిగేటోడు లేడు, వచ్చిన అర్జీని పూర్తిగ పరీక్షించేటోడు లేడు. లాగిన్ లేకుంటనే దూరంకెల్లి ఎవడన్న మెలికవెట్టిన అర్జీ పంపితే, సీపీయూ బలమంత దానికే పోతది. కాల్స్ తడబడ్తయి. బాగుచేద్దామని లోపలికి పోయే అడ్మిన్‌కు గూడ తలుపు దొరకదు. తమాషా ఏందంటే, రోజువారీ పనికి ఆ కిటికీ అక్కర పడుడే అరుదని సిస్కోనే చెప్పింది.

గుట్టు బయటపడుడు లేదు, సమాచారం మారుడు లేదు. దెబ్బంత సేవ అందకపోవుడు మీదనే. దాడి ఆగంగనే సర్వర్ దానంతటదే లేస్తది గూడ. గని ఎమర్జెన్సీ రెస్పాండర్ పనేందో తెలుసా? అమెరికాల పెద్ద బిల్డింగులకెల్లి 911 కొడితే, ఏ అంతస్తు, ఏ మూలకెల్లి కొట్టిండ్రో చెప్పుడు. గుండెనొప్పి వచ్చినోనికి ఆ పది నిమిషాలే కావాలె. సర్వర్ తర్వాత లేస్తది, మనిషి లేస్తడా?

ఫోన్లు బంద్ చేసుడు పైసలు గుంజే దందా గూడ అయింది. 2021 సెప్టెంబర్ల కెనడాల వీఓఐపీ.ఎంఎస్ అనే ఫోన్ కంపెనీని ట్రాఫిక్ వరదల ముంచి, ఆపాలంటే బిట్‌కాయిన్లు కట్టుమన్నరు. రోజులకు రోజులు కస్టమర్ల కాల్స్ ఆగమాగం. అది ఉత్త బలంతోని చేసిన పని. ఇసొంటి లొసుగు దొరికితే అంత బలగం గూడ అక్కర్లేదు.

20259కు సిస్కో ప్యాచ్ ఇచ్చింది. అది ఏసుడు తప్ప వేరే ఉపాయం లేదన్నది. ప్యాచ్ అంటే ఫోన్లు కొంతసేపు ఆపాలె, అందుకే మేనేజర్లు "వచ్చే నెల చూద్దాం" అంటరు. ఊర్లకెల్లి హైదరాబాద్ పోయి సపోర్ట్ నౌకర్లల్ల చేరుతున్న తమ్ముండ్లు, చెల్లెండ్లు రేపు ఇసొంటి టికెట్లే చూస్తరు. "డేటా పోదు" అని రాసి పక్కకు నెట్టకుండ్రి. ఆ సర్వర్ ఆగితే ఎవరి కాల్ ఆగుతదో ఒక్క లైన్ రాయుండ్రి. మేనేజర్‌కు గా లైన్ అర్థమయితది.