బ్రేకుకు బదిలీ ఉత్తర్వు తెలియదు

పిల్లలూ, మన ఇళ్లలో అందరికీ తెలిసిన మాట ఒకటుంది: "ఆర్డర్ వచ్చింది." ఆ మాట చెవిన పడగానే అటక మీది అట్టపెట్టెలు కిందికి దిగుతాయి. గ్యాస్ కనెక్షన్, టీసీ, లారీ బేరం ఒకదాని వెనక ఒకటి వరస కడతాయి. సగంలో ఉన్న పనులన్నీ ఆ పది రోజుల్లోనే పూర్తి చేసేయాలనిపిస్తుంది. ఈ తొందర గురించే ఈసారి నాలుగు మాటలు చెప్పాలనుకున్నాం. మేమూ మీలాగే లారీ వెనక ఊళ్లు మారేవాళ్లం కనుక, ఇది మాకు మేము చెప్పుకునే మాట కూడా.

కొన్నేళ్ల క్రితం మేమున్న క్వార్టర్స్‌లో పక్కింటివాళ్లు ఒక చిన్న కారు కడుతుండేవారు. తండ్రి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి, కొడుకు పదకొండో తరగతి. పైపులతో వెల్డింగ్ చేయించిన చట్రం, పాత మారుతి 800 నుంచి తీసిన ఇంజిను, చక్రాలు, బ్రేకులు. విడి భాగాలు తెచ్చి ఇంట్లో బిగించుకునే ఇలాంటి బళ్లకు బ్రిటన్‌లో పెద్ద చరిత్రే ఉంది. 1957లో వచ్చిన లోటస్ సెవెన్‌ను చాలామంది కిట్‌గా కొని సొంతంగా బిగించుకునేవారు. అలా కొంటే పన్ను భారం తప్పేది. ఇప్పుడక్కడ ఇంట్లో కట్టిన కారు రోడ్డెక్కాలంటే ముందు ప్రభుత్వ తనిఖీలో నెగ్గాలి. ఆ తనిఖీలో బ్రేకులూ ఉంటాయి. మన దేశంలో అలాంటి బండికి రిజిస్ట్రేషన్ అంత తేలిక కాదు. మా పక్కింటివాళ్లకు కూడా క్వార్టర్స్ వెనక మైదానం దాటించే ఉద్దేశం లేదు.

సాయంత్రం అయ్యేసరికి మేమందరం అక్కడే. ఒకరు టార్చి పట్టేవారు, ఒకరు స్పానర్ అందించేవారు, మిగిలినవాళ్లు టీ తాగుతూ సలహాలిచ్చేవారు. ఇంజిను మొదటిసారి మోగిన రోజు కాలనీ అంతా చప్పట్లు కొట్టింది. బ్రేకులకు ఎవరు చప్పట్లు కొడతారు? అవి చివరికి మిగిలిపోయాయి. అంతలో ఆర్డర్ వచ్చింది. ఎనిమిది రోజుల గడువు. వెళ్లేలోపు ఒక్కసారైనా బండి నడపాలని అబ్బాయి పట్టుదల.

శనివారం రాత్రి బల్బు వెలుతురులో ముందు చక్రాలకు కొత్త బ్రేక్ ప్యాడ్లు వేశారు. మధ్యలో లారీవాళ్ల ఫోన్లు. ఆదివారం ఉదయం ఇంజిను వేయకుండా, మైదానపు వాలులో బండిని ఊరికే దొర్లించి చూద్దామన్నారు. అబ్బాయి కూర్చున్నాడు. బండి కదిలింది. బ్రేకు తొక్కితే పెడల్ నేల దాకా దిగిపోయింది. ఎదురుగా చిన్నపిల్లలు షటిల్ ఆడుతున్నారు. స్టీరింగ్ పక్కకు తిప్పాడు, బండి వెళ్లి వేపచెట్టు మొదలుకు తగిలింది. అబ్బాయి మణికట్టు వాచింది, ముందు పైపు వంగింది. అంతకు మించి ఏమీ కాలేదు. కానీ ఆ తండ్రి ముఖం మేము ఇప్పటికీ మరచిపోలేదు.

ఏమైందో మధ్యాహ్నానికి తేలింది. ప్యాడ్లలో లోపం లేదు. అరిగిన ప్యాడ్లు పలచగా ఉంటాయి, కొత్తవి మందంగా ఉంటాయి. వాటికి చోటివ్వాలంటే కాలిపర్‌లోని పిస్టన్‌ను లోపలికి నెట్టాలి. బిగించాక బండి కదలకముందే పెడల్‌ను పదేపదే తొక్కాలి. అప్పుడు పిస్టన్ మళ్లీ ముందుకు వచ్చి ప్యాడ్‌ను డిస్క్ దగ్గరకు చేరుస్తుంది, పెడల్ గట్టిపడుతుంది. అర నిమిషం పని. ఫోన్ల మధ్య అది మరచిపోయారు. ఆ వాలులోనే రెండు మూడుసార్లు తొక్కి ఉంటే పట్టేదేమో. కానీ ఆ క్షణంలో ఎవరికి తోస్తుంది?

ఆ తర్వాత కాలనీలో రెండు వర్గాలయ్యాయి. "పిల్లల్ని అసలు వీటి జోలికి రానివ్వకూడదు" అన్నారు ఎక్కువమంది. మేము ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోం. చక్రాలకు అడ్డంగా రాళ్లు పెట్టడం, జాకీని ఒక్కదాన్నే నమ్మకుండా కింద స్టాండు నిలపడం, కాలిపర్‌ను హోస్ పైపు మీద వేలాడనివ్వకుండా తీగతో కట్టడం, ప్యాడ్ ముఖానికి గానీ డిస్క్‌కు గానీ గ్రీజు అంటనివ్వకపోవడం, ఆ దుమ్మును నోటితో ఊదకపోవడం - ఇవన్నీ జాగ్రత్తలో పాఠాలే. పాత ప్యాడ్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అరిగి ఉండవచ్చు. అంటే కాలిపర్ సరిగా జరగడం లేదన్నమాట. అరిగిన వస్తువు కూడా ఏదో చెబుతుందని తెలియడం చదువు కాదా? పెద్దలు పక్కన ఉండాలి, చివరి తనిఖీ తెలిసిన మెకానిక్ చేయాలి, అంతే. తప్పు పిల్లవాడి చేతుల్లో లేదు, ఎనిమిది రోజుల్లో ముగించాలన్న మా అందరి ఆత్రంలో ఉంది. టార్చి పట్టినవాళ్లం మేమూ ఉన్నాం. "పెడల్ తొక్కి చూశారా?" అని ఒక్కరమూ అడగలేదు.

మా తప్పు ఇంకొకటి కూడా చెప్పాలి. ఒక ఊరి నుంచి రిలీవ్ అయ్యే ముందు మిగిలిపోయిన నాలుగు పాఠాలు మూడు రోజుల్లో చెప్పేసి, రిజిస్టరులో "పూర్తి" అని రాసి వచ్చాం. తర్వాత వచ్చిన ఉపాధ్యాయురాలికి ఆ పిల్లలకు ఏమీ రాదని పరీక్షలప్పుడు గానీ తెలియలేదు. "రెండు పాఠాలు మిగిలాయి" అని రాసి ఉంటే మాకు కాస్త చిన్నతనంగా ఉండేది, పిల్లలకు మేలు జరిగేది. పెడల్ నేలకు దిగినట్టే, మేము రాసిన ఆ "పూర్తి" కూడా అవసరమైనప్పుడు పట్టలేదు.

మీ అమ్మానాన్నలు బదిలీ అయినప్పుడు చార్జి అప్పగిస్తారు కదా? ఏ ఫైలు ఎంతవరకు వచ్చింది, ఏది మిగిలింది అని కాగితం మీద రాసి ఇస్తారు. మీరూ ఆ అలవాటు చేసుకోండని మా మాట. సగం కట్టిన సైన్సు నమూనా, సగం నేర్చిన లిపి, మధ్యలో ఉన్న లెక్కల అధ్యాయం - దేన్నయినా "ఇంతవరకు అయింది, ఇది మిగిలింది" అని రాసి పెట్టెలో పెట్టుకోండి. కొత్త బడిలో కొత్త టీచర్‌కు ఆ కాగితం చూపించండి. మిగిలిన పని సిగ్గుపడాల్సింది కాదు. అయిపోయిందని చెప్పి వదిలేసిన పనే ప్రమాదం.

ఆ కుటుంబం చివరికి అదే చేసింది. బండిని మళ్లీ నడపలేదు. స్టీరింగ్‌కు ఒక అట్టముక్క కట్టారు: "ముందు బ్రేకులు తనిఖీ కాలేదు. తోయవద్దు." అలాగే లారీ ఎక్కించారు. కొన్ని నెలల తర్వాత అబ్బాయి ఫోన్ చేశాడు. అక్కడి మెకానిక్ దగ్గర కూర్చుని అన్నీ విప్పి మళ్లీ బిగించాడట. "పెడల్ రాయిలా ఉంది మేడమ్. కానీ కొత్త ప్యాడ్లు కదా, మొదట్లో మెల్లగా నడుపుతూ మెల్లగా ఆపాలట. డిస్క్‌తో ఒదగడానికి కొంచెం సమయం పడుతుందట" అన్నాడు.

"మరి కొత్త బడి ఎలా ఉంది?" అని అడిగాం. నవ్వి, "దానికీ అంతే మేడమ్" అన్నాడు.

నిదానమే ప్రధానం అని మన పెద్దలు ఊరికే అనలేదు. లారీ తేదీ మన చేతుల్లో ఉండదు. పెడల్ తొక్కి చూడడం మాత్రం మన చేతుల్లోనే, కాదు, మన కాలి కిందే ఉంది.